అమెరికా అంతర్యుద్ధంలో ఒక యూనియన్ రెజిమెంట్ ఎక్కడెక్కడ తిరిగిందో మనమే తవ్వి తీయడం ఎలా

మా అమ్మాయి స్కూల్ హిస్టరీ ప్రాజెక్టుకి ఫస్ట్ మిన్నెసోటా రెజిమెంట్‌ని తీసుకుంది. మేం ఉండేది మిన్నెసోటాలోనే, ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో ఆ రెజిమెంట్ మొదలైన పాత కోట, ఫోర్ట్ స్నెల్లింగ్ బోర్డు వారానికోసారి కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఒక ఆదివారం కూర్చుంటే అయిపోయే పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. పైగా మొదటి డ్రాఫ్టులో నేను పక్కన కూర్చుని మరీ రాయించిన వాక్యం ఇది: (పెన్సిల్వేనియాలో పెద్ద యుద్ధం జరిగిన) గెట్టిస్‌బర్గ్‌లో 262 మంది వెళ్తే 215 మంది చనిపోయారు. శుద్ధ తప్పు. పోస్టర్ మీద అతికించాక గానీ తెలియలేదు. ఆ తప్పు ఎలా జరుగుతుందో కింద చెబుతాను, ఎందుకంటే ఇందులో దిగిన ప్రతి ఒక్కరూ దాదాపు అక్కడే కాలు జారతారు.

మీ పిల్లల ప్రాజెక్టు కావచ్చు, మీరు ఉంటున్న ఊళ్లో పార్కులో ఉన్న సిపాయి విగ్రహం మీద రెజిమెంట్ పేరు చూసి ఎవరీయన అని అనుమానం వచ్చి ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఒకటే. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగికి సర్వీస్ బుక్ ఉంటుంది కదా, ఎప్పుడు చేరాడు, ఏ ఊరికి బదిలీ, ఎవరి కింద పనిచేశాడు, ఎప్పుడు రిటైర్ అయ్యాడు అని. రెజిమెంటుకి అలాంటి సర్వీస్ బుక్ ఒకటి మనం తయారుచేస్తున్నాం అనుకోండి. కథలు తర్వాత. కథలు ఎక్కడైనా దొరుకుతాయి.

ముందు పేరు సరిగ్గా పట్టుకోండి

యూనియన్ అంటే లింకన్ ప్రభుత్వం వైపు, ఉత్తరాది సైన్యం. అందులో ఎక్కువ భాగం వాలంటీర్లే, వాళ్లని రాష్ట్రాలు కూర్చి పంపేవి. అందుకే పేరులో నంబర్, రాష్ట్రం, దళం మూడూ ఉంటాయి. ఫస్ట్ అని వెతికితే దాదాపు ప్రతి రాష్ట్రానికీ ఒక ఫస్ట్ ఉంటుంది, మళ్లీ అందులో పదాతి దళం ఫస్ట్ వేరు, గుర్రపు దళం ఫస్ట్ వేరు, ఫిరంగి దళం ఫస్ట్ వేరు. ఈ మూడిట్లో ఒక్కటి తేడా వచ్చినా మీరు వేరే వాళ్ల చరిత్ర రాస్తున్నారన్నమాట.

రెజిమెంట్ లోపల మామూలుగా పది కంపెనీలు, కంపెనీకి వంద మంది లెక్కన కాగితం మీద వెయ్యి మంది. కంపెనీలకి ఏ నుంచి కే వరకు అక్షరాలు, మధ్యలో జె ఉండదు. చేతిరాతలో ఐ, జె ఒకేలా కనబడి గందరగోళం అవుతుందని వదిలేశారంటారు. ఒక్కో కంపెనీ సాధారణంగా ఒక ఊరి చుట్టుపక్కల నుంచి వచ్చేది. ఫస్ట్ మిన్నెసోటాలో ఎఫ్ కంపెనీ రెడ్ వింగ్ వాళ్లది, కే కంపెనీ వినోనా వాళ్లది, బి కంపెనీ స్టిల్‌వాటర్ వాళ్లది. దీన్ని చిన్న విషయం అనుకోకండి, తర్వాత పాత పేపర్లు వెతికేటప్పుడు ఏ ఊరి పేపర్ తీయాలో ఈ అక్షరమే చెబుతుంది. పది కంపెనీలే అన్నాను కదా, మరి ఫస్ట్ మిన్నెసోటా కాగితాల్లో ఎల్ కంపెనీ అని కనబడితే? గురి తప్పని తుపాకీ గాళ్ల కంపెనీ ఒకటి తర్వాత వచ్చి చేరింది, దానికి ఎల్ అని పెట్టారు. ఇలాంటి తోకలు చాలా రెజిమెంట్లకి ఉంటాయి.

తేదీలతో ఒక పట్టిక

ఒక పెద్ద పేపర్ తీసుకోండి, లేదా ఎక్సెల్ షీట్. తేదీ, చోటు, కమాండర్, పైన ఏ బ్రిగేడ్, ఏ డివిజన్, ఏ కోర్ (కొన్ని రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్). ఈ కాలమ్స్ చాలు. మొదట నింపడానికి 1908లో ఫ్రెడరిక్ డయ్యర్ అచ్చు వేయించిన కంపెండియం అనే సంకలనం చాలా పనికొస్తుంది. అందులో ప్రతి యూనియన్ రెజిమెంటుకీ ఒక పేరా ఉంటుంది, ఎప్పుడు ఏర్పడింది, ఎవరి కింద, ఏ పోరాటాలు, ఎంతమంది పోయారు. చదవడానికి టెలిగ్రామ్‌లా పొడిపొడిగా ఉంటుంది కానీ అస్థిపంజరం మాత్రం దొరుకుతుంది. నెట్‌లో ఫ్రీ.

ఫస్ట్ మిన్నెసోటాకి ఆ పట్టిక ఇలా వచ్చింది. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోట మీద కాల్పులతో యుద్ధం మొదలైనప్పుడు మిన్నెసోటా గవర్నర్ అలెగ్జాండర్ రామ్సే సరిగ్గా వాషింగ్టన్‌లోనే ఉన్నాడు, మేం వెయ్యి మందిని ఇస్తాం అని యుద్ధశాఖకి వెంటనే మాట ఇచ్చేశాడు. ఏప్రిల్ 29న ఫోర్ట్ స్నెల్లింగ్‌లో రెజిమెంట్ సర్వీసులోకి వచ్చింది. మొదట మూడు నెలలకి అన్నారు, కొద్ది వారాల్లోనే మూడేళ్లు అయింది, అక్కర్లేదనుకున్న వాళ్లు ఇంటికి పోయారు. జులై 21న బుల్ రన్. 1862లో వర్జీనియా ద్వీపకల్పం, ఫెయిర్ ఓక్స్, సావేజ్ స్టేషన్, మాల్వెర్న్ హిల్. సెప్టెంబర్ 17న యాంటీటం. డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్. 1863 జులై 2, 3 తేదీల్లో గెట్టిస్‌బర్గ్. ఆగస్టులో న్యూయార్క్, అక్కడ శత్రువెవరూ లేరు, నిర్బంధ సైన్య భర్తీకి వ్యతిరేకంగా అల్లర్లు జరిగాయి కాబట్టి కాపలాకి పంపారు. అక్టోబర్‌లో బ్రిస్టో స్టేషన్. 1864 వసంతంలో మూడేళ్లు నిండి ఇంటికి.

అక్కడితో అయిపోయిందనుకుని నేను గీత గీసేశాను. కాలేదు. మళ్లీ చేరిన వాళ్లనీ కొత్తవాళ్లనీ కలిపి ఫస్ట్ మిన్నెసోటా బెటాలియన్ అని ఒకటి కట్టారు, అది పీటర్స్‌బర్గ్ దాకా వెళ్లి 1865లో యుద్ధం ముగిసేవరకు ఉంది. రెజిమెంట్ ఇంటికొచ్చేసిన తర్వాతి తేదీతో ఎవరి మరణమైనా కనబడితే తప్పు అచ్చు అని కొట్టేయకుండా ముందు ఈ బెటాలియన్ చూడాలి.

కమాండర్ కాలమ్ ఎందుకు పెట్టమన్నానంటే, ఈ ఒక్క రెజిమెంటుకే మూడేళ్లలో ఐదుగురు కల్నల్లు, గోర్మన్, డానా, సల్లీ, మోర్గన్, కోల్విల్. రిపోర్టులు చాలాచోట్ల రెజిమెంట్ పేరు బదులు సంతకం పెట్టినవాడి పేరుతో దొరుకుతాయి. ఆ రోజు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియకపోతే ఇండెక్స్ ముందు కూర్చుని తల గోక్కోవాల్సిందే.

యుద్ధాల పేర్ల గురించి ఒక్క మాట. ఉత్తరాది వాళ్లు ఎక్కువగా పక్కనున్న వాగు పేరు పెడతారు, దక్షిణాది వాళ్లు దగ్గర్లో ఉన్న ఊరి పేరు. బుల్ రన్, మనాసస్ ఒకటే. యాంటీటం, షార్ప్స్‌బర్గ్ ఒకటే. రెండు పేర్లతోనూ వెతకండి, లేకపోతే సగం సమాచారం పోతుంది.

అసలు కాగితాలు

ఇప్పుడు మాంసం పెట్టాలి. యుద్ధంలో ఇరువైపుల వాళ్లు రాసుకున్న రిపోర్టులు, ఉత్తరాలు, టెలిగ్రాములు ఏరి కూర్చి అమెరికా ప్రభుత్వం 1880 నుంచి 1901 వరకు 128 పుస్తకాలుగా అచ్చు వేసింది. అందరూ అఫిషియల్ రికార్డ్స్ అంటారు. హాథీట్రస్ట్ సైట్లో స్కాన్లు ఉన్నాయి. 128 అనగానే బెదిరిపోకండి, మీకు కావాల్సినవి నాలుగైదే. గెట్టిస్‌బర్గ్ మొత్తం మొదటి సిరీస్ 27వ సంపుటిలో ఉంది, అది మూడు భాగాలు. మొదటి భాగంలో యూనియన్ రిపోర్టులు, రెండో దాంట్లో ఎక్కువగా దక్షిణాది వాళ్లవి, మూడో దాంట్లో ఉత్తరప్రత్యుత్తరాలు.

రిపోర్ట్ చదివే ముందు కింద సంతకం చూడండి. గెట్టిస్‌బర్గ్‌లో ఫస్ట్ మిన్నెసోటాకి కమాండర్ కల్నల్ విలియం కోల్విల్. కానీ రిపోర్ట్ రాసింది కెప్టెన్ హెన్రీ కోట్స్. ఎందుకంటే కోల్విల్ జులై 2న తీవ్రంగా గాయపడ్డాడు, అతని తర్వాత పగ్గాలు పట్టిన కెప్టెన్ మెస్సిక్ 3న చనిపోయాడు, చివరికి కోట్స్ మిగిలాడు. అంటే కల్నల్ ఏం ఆలోచించాడో ఆ కాగితంలో ఉండదు. సైన్యంలో రిపోర్ట్ అంటే పైవాడికి ఇచ్చే సంజాయిషీ కూడా, అది మర్చిపోకండి. ఓడిపోయిన రోజు రాసిన రిపోర్టుల్లో తప్పు ఎప్పుడూ పక్క రెజిమెంట్‌ దే.

అందుకే పక్క రెజిమెంట్ వాళ్లవి కూడా చదవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఆలస్యంగా తెలిసింది. ఫస్ట్ మిన్నెసోటా గెట్టిస్‌బర్గ్‌లో జనరల్ హారో నడిపిన బ్రిగేడ్‌లో ఉంది, దాంతోపాటు 19వ మెయిన్, 15వ మసాచుసెట్స్, 82వ న్యూయార్క్ రెజిమెంట్లు. మీ రెజిమెంట్ రిపోర్ట్ అరపేజీ ఉంటే, పక్కవాళ్లది మూడు పేజీలు ఉండొచ్చు, అందులో మీవాళ్లు కనబడతారు. ఎదుటివైపు కూడా చూడండి. ఆ సాయంత్రం వాళ్ల మీదకి వస్తున్నది విల్కాక్స్ నడిపిన అలబామా బ్రిగేడ్, ఆయన రిపోర్ట్ అదే సంపుటి రెండో భాగంలో ఉంది. ఆయన ముందున్నది ఏ రెజిమెంటో ఆయనకి తెలియదు, చూసింది చూసినట్టు రాశాడు, అదే దాని విలువ.

గంటల దగ్గర మాత్రం పట్టుబట్టకండి. ఒకడు ఆరు అంటాడు, ఇంకొకడు ఏడు దాటింది అంటాడు, ఇద్దరూ అబద్ధాలకోరులు కారు. 1883లో రైల్వేలు తెచ్చేవరకు అమెరికాలో ప్రామాణిక సమయమే లేదు, ఎవరి జేబు గడియారం వాళ్లది. సూర్యుడు దిగుతున్నాడు, పొగ కమ్మింది, ఫలానా దళం వెనక్కి పరిగెత్తుతోంది, ఇలాంటి వాటితో ముందూ వెనకా సరిచేసుకోండి.

ఇక లెక్కలు, అసలు తలనొప్పి ఇదే

ఇంగ్లిష్‌లో క్యాజువాల్టీస్ అంటారు. మన పేపర్లలో దాన్ని ప్రాణనష్టం అని రాసే అలవాటు ఉంది, నేనూ అలాగే చదివాను. ఆ మాటలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనబడకుండా పోయినవాళ్లు, పట్టుబడ్డవాళ్లు అందరూ ఉంటారు. అంటే పోరాటం నుంచి తప్పుకున్న ప్రతి మనిషీ. నష్టపోయినవారు అని రాసి, పక్కన విడగొట్టి చెప్పడమే మేలు.

జులై 2 సాయంత్రం ఏం జరిగిందంటే, ముందుకు పొడుచుకొచ్చిన యూనియన్ మూడో కోర్ కూలిపోయి యూనియన్ వరసలో పెద్ద ఖాళీ వచ్చింది. విల్కాక్స్ సేన దాని మీదకే వస్తోంది. సహాయ దళాలు వచ్చేలోపు ఐదు పది నిమిషాలు దొరికితే చాలు అని యూనియన్ జనరల్ హాన్‌కాక్ చుట్టూ చూస్తే చేతికి దొరికింది ఈ ఒక్క రెజిమెంట్. వెళ్లమన్నాడు. ప్లమ్ రన్ అనే చిన్న వాగు వైపు వాలులోకి వాళ్లు పరిగెత్తుకుంటూ దిగారు. ఖాళీ పూడ్చే సమయం దొరికింది. యుద్ధభూమిలో 1897 నాటి స్మారకం మీద 262 మంది వెళ్లారనీ, 215 మంది చనిపోయారు లేదా గాయపడ్డారనీ, 47 మంది వరసలో మిగిలారనీ ఉంది. 82 శాతం అని అందరూ చెప్పేది దీన్నుంచే. మా ఇంట్లో 215 మంది చనిపోయారని రాసింది కూడా దీన్నుంచే.

ఇప్పుడు అఫిషియల్ రికార్డ్స్‌లో ఉన్న నష్టాల పట్టిక తీయండి. గెట్టిస్‌బర్గ్ మొత్తానికి ఫస్ట్ మిన్నెసోటా నష్టం: 50 మంది మృతులు, 173 మంది గాయపడ్డవారు, ఒకరు గల్లంతు. మొత్తం 224. ఇది రెండు రోజులకీ కలిపి. జులై 2 ఒక్కరోజే 215 అయితే 3వ తేదీకి మిగిలేది తొమ్మిది. కానీ 3వ తేదీన పికెట్ దాడి (దక్షిణాది జనరల్ పికెట్ పేరుతో పిలిచే పెద్ద దాడి) వచ్చింది, వీళ్లు అందులో ఎదురు నిలబడ్డారు, మెస్సిక్ చనిపోయింది అప్పుడే, ఆయనొక్కడే కాదు. తొమ్మిదికి సరిపోదు.

ఇక్కడ కంగారుపడి ఎవరో ఒకరు అబద్ధం చెప్పారని తీర్పు ఇవ్వకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని కలిపారు? 262 అనేది ఎనిమిది కంపెనీల లెక్క. ఎఫ్ కంపెనీని ఎడమవైపు ముందుకు పంపారు, సి కంపెనీ డివిజన్ దగ్గర కాపలా డ్యూటీలో ఉంది, తుపాకీ గాళ్ల ఎల్ కంపెనీ ఒక ఫిరంగి దళానికి తోడుగా ఉంది. రెజిమెంట్ మొత్తం బలం వేరు, దాడిలో ఉన్నవాళ్లు వేరు. ఎప్పుడు లెక్కేశారు? ఆ రాత్రి వరసలో నిలబడినవాళ్లని లెక్కపెడితే, గాయపడినవాడిని మోసుకెళ్లినవాడూ, దారి తప్పినవాడూ కూడా లేనివాడి కిందే పోతాడు. గాయాలతో తర్వాత నెలకి చనిపోయినవాడు ఒక పట్టికలో గాయపడ్డవాడు, ఇంకో పట్టికలో మృతుడు. మూడోది, ఎందుకు రాశారు? స్మారకం మీద రాసింది 34 ఏళ్ల తర్వాత, బతికున్న తోటివాళ్ల ముందు. నష్టాల పట్టిక రాసింది కొత్త మనుషుల్ని, రేషన్‌ని లెక్కేసుకోవడానికి.

మేం చివరికి పోస్టర్ మీద రెండు లెక్కలూ పెట్టి, ఏది ఎక్కడిదో కింద రాశాం. టీచర్‌కి అదే నచ్చింది. నా ఉద్దేశంలో 82 శాతం కొంచెం తగ్గినా ఆ దాడికి వచ్చే లోటేమీ లేదు, ఆ అంకె కోసం జనం ఎందుకంత పంతం పడతారో నాకర్థం కాదు.

ఇంకో అంకె కూడా పట్టికలో ఉండాలి, అది జబ్బు. ఫస్ట్ మిన్నెసోటా మొత్తం సర్వీసులో పోరాటంలోనో ఆ గాయాలతోనో పోయినవాళ్లు 187 మంది, జబ్బులతో పోయినవాళ్లు 99 మంది. ఇది అరుదు. యుద్ధం మొత్తం మీద చూస్తే తూటా కంటే విరేచనాలు, టైఫాయిడ్ తీసుకెళ్లినవాళ్లే ఎక్కువ. మీ రెజిమెంట్‌లో జబ్బు అంకె పెద్దదైతే వాళ్లు ఏ బురద క్యాంపులో, ఏ నెలల్లో ఉన్నారో చూడండి.

ఒక్క మనిషి వెనక పడాలనుకుంటే

మన ఊళ్లలో ఉపాధి హామీ పనుల దగ్గర మస్టర్ వేస్తారే, అదే మస్టర్. ప్రతి రెండు నెలలకి కంపెనీ మస్టర్ రోల్ రాసేవాళ్లు, ఎవరున్నారు, ఎవరు ఆస్పత్రిలో, ఎవరు పారిపోయారు, ఎవరి జీతంలో పోగొట్టిన సామాను డబ్బు కోయాలి. యుద్ధమయ్యాక పెన్షన్ దరఖాస్తులు కుప్పలు పడేసరికి, ప్రతిసారీ ఆ చిరిగిపోయే రోల్స్ విప్పలేక ప్రభుత్వం వాటిని మనిషికో కవరు చొప్పున కార్డుల్లోకి ఎక్కించింది. అదే ఈరోజు వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర దొరికే సర్వీస్ రికార్డ్. ఫారం 86 పెడితే ఇది, ఫారం 85 పెడితే పెన్షన్ ఫైల్. ఆన్‌లైన్‌లో అడగొచ్చు.

ఒక్కటే తెప్పించుకోగలిగితే పెన్షన్ ఫైల్ తెప్పించుకోండి. సర్వీస్ కార్డు ముక్కముక్కలుగా ఉంటుంది, పెన్షన్ ఫైల్లో జీవితం ఉంటుంది. గాయం ఎక్కడ తగిలింది, ఇప్పుడు చెయ్యి ఎంతవరకు లేస్తుంది, డాక్టర్ బొమ్మ గీసి చూపించిన కాగితం, పక్కన నిలబడి పోరాడిన వాళ్ల సాక్ష్యాలు, భార్య పెళ్లి రుజువు, పిల్లల పేర్లు. అయితే 1890 చట్టంతో పెన్షన్ నిబంధనలు సడలాయి, యుద్ధంలో తగిలిన గాయమే ఉండాలన్న షరతు పోయింది, కాబట్టి ఆ తర్వాతి కాగితాల్లో కీళ్లనొప్పులన్నీ యుద్ధం ఖాతాలోకి రావు, తేదీ చూసి చదవండి. పేర్ల స్పెల్లింగ్ దేవుడెరుగు. నార్వే నుంచి, జర్మనీ నుంచి వచ్చినవాళ్ల పేర్లని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, అమెరికాలో మన ఇంటిపేర్లకి పట్టే గతే. మూడు నాలుగు రకాలుగా వెతకండి, కంపెనీ అక్షరంతో సరిచూడండి.

అక్షరం అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. జులై 3న 28వ వర్జీనియా రెజిమెంట్ జెండాని లాక్కుని అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన మార్షల్ షెర్మన్ సి కంపెనీ మనిషి, అంటే ముందు రోజు దాడిలో లేని కంపెనీ. కొన్నిచోట్ల ఆయన్ని ఆ 47 మందిలో కలిపేస్తారు. అక్షరం చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. ఆ జెండా ఇప్పటికీ సెయింట్ పాల్‌లో మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ దగ్గరే ఉంది, వర్జీనియా వాళ్లు చాలాసార్లు అడిగారు, వీళ్లు ఇవ్వలేదు.

సిపాయిల ఉత్తరాలకి పాత పేపర్లే గని. ఇంటికి రాసిన ఉత్తరాలని ఊరి పేపర్ వాళ్లు తీసుకుని అచ్చు వేసేవాళ్లు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల పాత పేపర్ల సైట్ ఫ్రీ, మిన్నెసోటాకి విడిగా డిజిటల్ న్యూస్‌పేపర్ హబ్ ఉంది. కోల్విల్ కూడా మొదట రెడ్ వింగ్‌లో పేపర్ నడిపినవాడే. గెట్టిస్‌బర్గ్‌కి వెళ్లే దారిలో, వాగులో దిగకుండా మనుషుల్ని దుంగల మీద నుంచి దాటనిచ్చి ఆలస్యం చేశాడని ఆయన్ని అరెస్టులో పెట్టారు, జులై 2 దాడికి ముందే వదిలారు. ఇలాంటివి వెతికేటప్పుడు తగులుతాయి, పట్టికలో ఒక కాలమ్ ఖాళీ ఉంచుకోండి.

రెజిమెంట్ లేని చోట్లు కూడా రాసుకోండి. 1862 ఆగస్టులో మిన్నెసోటాలో అక్కడి మూలవాసులైన డకోటా వాళ్లతో యుద్ధం వచ్చింది, డిసెంబర్ 26న మంకాటోలో 38 మంది డకోటా మనుషుల్ని ఒకేసారి ఉరితీశారు. రాష్ట్రంలోని వేరే రెజిమెంట్లు అందులో ఉన్నాయి, ఫస్ట్ మిన్నెసోటా అప్పుడు వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉంది. మా అమ్మాయి స్నేహితురాలు ఈ రెండిటినీ కలిపేసింది. కానీ ఫోర్ట్ స్నెల్లింగ్‌కి వెళ్తే రెండూ ఒకేచోట ఎదురవుతాయి, రెజిమెంట్ ప్రమాణం చేసింది ఆ కోటలో, ఆ చలికాలం డకోటా ఆడవాళ్లనీ పిల్లలనీ ముసలివాళ్లనీ నిర్బంధించి ఉంచింది ఆ కోట కింద నది ఒడ్డున. పిల్లల్ని తీసుకెళ్తే రెండూ చెప్పండి.

న్యూజెర్సీ, వర్జీనియా వైపు ఉన్న మనవాళ్లకి గెట్టిస్‌బర్గ్ ఒక్కరోజు ట్రిప్. వెళ్తే మీరు రాసుకున్న పట్టిక ప్రింట్ తీసుకెళ్లండి, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి. ఫస్ట్ మిన్నెసోటా స్మారకం హాన్‌కాక్ అవెన్యూ మీద ఉంది, పరిగెడుతున్న సిపాయి బొమ్మ. దానికి వీపు పెట్టి పడమర వైపు చూస్తే నేల మెల్లగా పొదల దాకా దిగుతుంది, ఆ పొదల్లోదే ప్లమ్ రన్. సాయంత్రం వెళ్లండి, ఎండ మొహం మీద కొడుతుంది, వాళ్లకీ అలాగే కొట్టింది.